ఎండ ఎటునుంచి పడుతుందో చూసి బయల్దేరండి: అమెరికా నేషనల్ పార్కుల ఫొటోలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం అమెరికా నేషనల్ పార్కుల గురించే. ఏ కెమెరా కొనాలన్నవాటిని పక్కన పెట్టాం. ఉన్న కెమెరాతో, దొరికిన రెండు మూడు రోజుల సెలవులో మంచి ఫొటో ఎలా దక్కుతుందన్నవాటికే ఇక్కడ జవాబులు.

ప్రశ్న: యోసెమిటీ, గ్రాండ్ టీటన్, బ్రైస్ కేన్యన్ చూడాలనుకుంటున్నాం. ఎక్కడికి పొద్దున వెళ్లాలి, ఎక్కడికి సాయంత్రం వెళ్లాలి? పోయినసారి యోసెమిటీలో టనెల్ వ్యూ దగ్గర తెల్లవారుజామునే నిలబడ్డాం. ఫొటోలన్నీ పాలిపోయి వచ్చాయి.

జవాబు: టనెల్ వ్యూ నుంచి మీరు చూసేది తూర్పు వైపు. పొద్దున సూర్యుడు లోయ వెనకనుంచి లేస్తాడు కాబట్టి వెలుగు నేరుగా లెన్స్‌లో పడుతుంది, ఎల్ కాపిటన్ ముఖం నీడలో ఉంటుంది, మధ్యలో ఉన్న మంచుపొర తెల్లగా మెరిసి రంగులన్నిటినీ మింగేస్తుంది. అదే చోట మధ్యాహ్నం మూడు దాటాక నిలబడితే ఎండ మీ వెనకనుంచి వచ్చి ఎడమవైపు ఎల్ కాపిటన్ మీద, కుడివైపు బ్రైడల్‌వెయిల్ జలపాతం మీద పడుతుంది. పొద్దునే వెళ్లక తప్పదనుకుంటే కొండల ఆకారాలు మాత్రమే నల్లగా కనిపించే ఫొటోకి సిద్ధపడండి. సూర్యుడు పైకి రాకముందే తీసి, ఆకాశానికి సరిపోయే ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుగు మోతాదు) పెట్టండి.

గ్రాండ్ టీటన్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. కొండలు పడమట, మీరు నిలబడే మైదానం తూర్పున. ష్వాబాకర్ లాండింగ్, మోర్మన్ రో, ఆక్స్‌బో బెండ్, స్నేక్ రివర్ ఓవర్‌లుక్, ఇవన్నీ పొద్దుటి చోట్లే. మైదానంలోకి ఎండ రాకముందే శిఖరాల కొసలకి గులాబీరంగు ఎక్కుతుంది, కొద్ది నిమిషాల్లో కిందికి జారిపోతుంది. అందుకని సూర్యోదయ సమయానికి కాదు, కనీసం నలభై నిమిషాల ముందే ట్రైపాడ్ నిలబెట్టుకుని ఉండాలి. సాయంత్రం సూర్యుడు ఆ కొండల వెనకకే దిగుతాడు.

బ్రైస్ కేన్యన్‌లో రాతిస్తంభాల లోయ తూర్పుకు తెరుచుకుని ఉంటుంది. సన్‌సెట్ పాయింట్ అన్న పేరు చూసి సాయంత్రం అక్కడికి చేరేవాళ్లకు లోయంతా నీడలోనే దొరుకుతుంది. అక్కడికీ పొద్దునే వెళ్లండి. సూర్యుడు లేచిన మొదటి గంటలో ఒక స్తంభం మీద పడిన ఎండ పక్క స్తంభం నీడవైపుకి తిరిగి కొడుతుంది. రాయి లోపలినుంచి వెలుగుతున్నట్టు కనిపించేది ఆ ప్రతిఫలించిన వెలుగు వల్లే.

బ్రైస్ కేన్యన్‌లాగే యూటా రాష్ట్రంలో ఉన్న రెండు ప్రసిద్ధ రాతి తోరణాలనూ ఇలాగే విడదీసుకోవాలి. కేన్యన్‌లాండ్స్‌లోని మెసా ఆర్చ్ సూర్యోదయానికి, ఆర్చెస్‌లోని డెలికేట్ ఆర్చ్ సూర్యాస్తమయానికి. మెసా ఆర్చ్‌కి నడక పది నిమిషాలే కాబట్టి జనం కిక్కిరిసి ఉంటారు, ముందు వరుస కావాలంటే గంటన్నర ముందే చేరాలి. సూర్యుడు లేచాక మరో అరగంట దాకా తోరణం అడుగుభాగం ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది. మొదటి పది నిమిషాలకే అందరూ వెళ్లిపోతారు, తొందరపడకుండా ఆగితే ఖాళీ ఫ్రేమ్ దొరుకుతుంది. డెలికేట్ ఆర్చ్‌కి రానూపోనూ 4.8 కి.మీ., ఎక్కుడు 146 మీటర్లు, దారిలో నీడ దాదాపు ఉండదు. తిరుగుప్రయాణం చీకట్లో నున్నటి బండ మీద. తల దీపం మరిచిపోయి ఫోన్ వెలుగుతో దిగడం ప్రమాదం.

ఏ పార్కుకైనా ఇంట్లో కూర్చునే ఈ లెక్క చూసుకోవచ్చు. ఈ పార్కులున్న అక్షాంశాల్లో జూన్‌లో సూర్యుడు దిక్సూచి మీద 56 నుంచి 60 డిగ్రీల దగ్గర, అంటే బాగా ఈశాన్యంగా లేస్తాడు. డిసెంబరులో 120 దాటి ఆగ్నేయానికి జరుగుతాడు. ఒకే వ్యూ పాయింట్ వేసవిలో, చలికాలంలో వేరువేరుగా కనిపించడానికి కారణం ఇదే. ఫొటోపిల్స్ లాంటి యాప్‌లో తేదీ, చోటు పెడితే ఆ రోజు వెలుగు వచ్చే గీత మ్యాప్ మీదే కనిపిస్తుంది. మనకి నచ్చిన ఎవరి ఫొటోనో చూసి ఆ చోటికి పోవడం కన్నా, ఆ ఫొటో ఏ నెలలో ఏ వేళకి తీశారో తెలుసుకోవడం ఎక్కువ ఉపయోగం.

ప్రశ్న: ఎల్లోస్టోన్‌లో బైసన్‌కి (అమెరికా అడవిదున్న) ఎంత దూరంలో ఉండాలి? 70–300 ఎం.ఎం. లెన్స్ ఉంది, అది చాలుతుందా? 600 అద్దెకి తీసుకోమంటున్నారు.

జవాబు: అక్కడి నిబంధన ప్రకారం ఎలుగుబంట్లకి, తోడేళ్లకి కనీసం 100 గజాలు, అంటే 91 మీటర్లు. బైసన్, ఎల్క్ (ఒక రకం పెద్ద జింక) లాంటి జంతువులకి 25 గజాలు, అంటే 23 మీటర్లు. జంతువే మీ వైపు నడుచుకుంటూ వస్తే వెనక్కి తగ్గాల్సింది మీరే. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్‌లో లెక్క వేరు: అక్కడ ఎలుగుకీ ఎల్క్‌కీ 50 గజాలు, 46 మీటర్లు. ఈ దూరాలన్నీ అతి తక్కువ హద్దులు. అంతకన్నా దూరంలో ఉన్నా, మీ వల్ల జంతువు మేత ఆపి తలెత్తిందంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చినట్టే.

లెన్స్ సంగతి ఊహించనక్కర్లేదు, లెక్క కట్టవచ్చు. లెన్స్ ఎం.ఎం.ని జంతువు పొడవుతో హెచ్చవేసి, దూరంతో భాగిస్తే సెన్సర్ మీద పడే బొమ్మ పొడవు వస్తుంది. బైసన్ పొడవు మూడు మీటర్లు అనుకోండి. 23 మీటర్ల దూరంలో 200 ఎం.ఎం. దగ్గర 26 ఎం.ఎం. బొమ్మ పడుతుంది. ఫుల్‌ఫ్రేమ్, అంటే పెద్ద సైజు సెన్సర్ వెడల్పు 36 ఎం.ఎం. కాబట్టి ఫ్రేమ్‌లో ముప్పాతిక దాకా నిండిపోతుంది! 300 పెడితే బైసన్ ఫ్రేమ్‌లో పట్టనే పట్టదు. బైసన్ కోసమైతే మీ లెన్స్ చాలినదానికన్నా ఎక్కువే. మీరు ఇంకా వెనక్కి జరిగి చుట్టూ ఉన్న మైదానాన్ని కలుపుకుంటే ఫొటో ఇంకా బాగుంటుందని మా అభిప్రాయం.

ఎలుగుబంటితోనే చిక్కు. రెండు మీటర్ల ఎలుగు 91 మీటర్ల దూరంలో 600 ఎం.ఎం. మీద 13 ఎం.ఎం.గా పడుతుంది: ఫుల్‌ఫ్రేమ్‌లో మూడో వంతు, చిన్న ఏపీఎస్-సీ సెన్సర్‌లో సగానికి కాస్త పైన. మీ 300తో అందులో సగం. అంటే ఎలుగు, తోడేలు ముఖ్యమనుకుంటే 600 అద్దెకి తీసుకోవడంలో అర్థముంది, కాకపోతే ఆ బరువు అనవసరం.

దూరం కంటితో అంచనా వేయడంలో దాదాపు అందరూ పొరబడతారు. చేయి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, బొటనవేలు నిలబెట్టండి. జంతువు మొత్తం వేలి వెనక దాక్కుంటే దూరం సరిపోతుంది, పక్కలకి కనిపిస్తే వెనక్కి జరగాలి. బైసన్ తోక పైకి లేపినా, కాలితో నేల గీరినా, తల ఊపుతూ బుసకొట్టినా ఫొటో వదిలేసి వెంటనే దూరం జరగండి. అది గంటకి 56 కి.మీ. వేగంతో పరుగెత్తగలదు. జూలై మధ్యనుంచి ఆగస్టు మధ్య దాకా వాటి జతకట్టే కాలం, మగవి అప్పుడు మరింత చిరాకుగా ఉంటాయి. ఆకర్షించడానికి జంతువుల అరుపులను అనుకరించడం, రాత్రిపూట లైటు వేసి వాటిని వెతకడం ఎల్లోస్టోన్‌లో నిషేధం.

600తో తీసినా బొమ్మ మెత్తగా వచ్చిందని చాలామంది లెన్స్‌ని తిడతారు. ఎక్కువసార్లు తప్పు గాలిది. ఎండెక్కాక నేలనుంచి లేచే వేడిగాలి అలలు అలలుగా కదులుతూ బొమ్మని చెరిపేస్తుంది. షట్టర్ వేగం ఎంత పెంచినా అది పోదు. పొద్దున తొమ్మిది లోపల తీయడం, దూరం తగ్గే దాకా ఓపికపట్టడం, ఈ రెండే మందు. కారు కిటికీలోంచి తీసేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది: లోపలి హీటర్ వేడి, బయటి చలి కిటికీ దగ్గరే కలుస్తాయి. హీటర్, ఇంజిన్ ఆపి, అద్దాలు దించి పది నిమిషాలు ఆగండి. లెన్స్ కింద చిన్న బియ్యపు సంచిలాంటి మెత్తటి ఆనుడు పెట్టండి. నడిచే జంతువుకి సెకనులో 800వ వంతు, పరుగెత్తేదానికి 2000వ వంతు షట్టర్. కారు మాత్రం నాలుగు చక్రాలూ రోడ్డు తెల్లగీత దాటి పక్కకి వచ్చేలా, ఆపడానికి ఇచ్చిన చోటే ఆపాలి.

ప్రశ్న: ఎల్లోస్టోన్‌లోని వేడినీటి బుగ్గ గ్రాండ్ ప్రిస్మాటిక్ స్ప్రింగ్ దగ్గరికి పొద్దున ఏడింటికే వెళ్లాం. తెల్లటి ఆవిరి తప్ప ఏ రంగూ కనిపించలేదు. అందరి ఫొటోల్లో ఉన్న ఆ నీలం, నారింజ ఎలా వస్తాయి?

జవాబు: పొద్దునా సాయంత్రమే మంచి వెలుగన్న సూత్రం చెల్లని చోటు ఇది. ఇక్కడికి నడినెత్తి ఎండలోనే వెళ్లాలి. బుగ్గ నడుమ నీరు 87 డిగ్రీల దాకా ఉంటుంది, పొద్దుటి గాలి చల్లగా ఉంటుంది. ఆ తేడా ఎంత ఎక్కువైతే ఆవిరి అంత దట్టం. వేసవిలో పదకొండు నుంచి మూడు దాకా గాలి వేడెక్కి ఆవిరి పలచబడుతుంది, పైనుంచి దిగే ఎండ నీటి లోతుకి చేరుతుంది. నీలం రంగు ఆ లోతైన తేట నీటిది. చుట్టూ ఉన్న పసుపు, నారింజ, ఎరుపు వలయాలు వేడిని తట్టుకునే సూక్ష్మజీవుల పొరలవి. ఒక్కో జాతి తనకి సరిపడే వేడి ఉన్న వలయంలో పెరుగుతుంది. ఎండ ఎక్కువగా ఉండే వేసవిలో నారింజ, ఎరుపు ముదురుతాయి.

మొత్తం రూపం కావాలంటే బుగ్గ పక్కన ఉన్న చెక్కబాట మీదనుంచి కుదరదు. బుగ్గ వెడల్పే సుమారు 112 మీటర్లు, కంటి ఎత్తునుంచి చూస్తే సన్నటి చారలా కనిపిస్తుంది. ఫెయిరీ ఫాల్స్ పార్కింగ్ దగ్గరనుంచి వెళ్లే దారిలో 2017లో తెరిచిన ఓవర్‌లుక్ ఉంది. ఒకవైపు ఒక కిలోమీటరు నడక, 32 మీటర్ల ఎక్కుడు. వసంతంలో ఎలుగుబంట్లు తిరిగే కాలంలో ఈ దారి మూసి, మే ఆఖరులో తెరుస్తారు. అక్కడనుంచి 24–70 ఎం.ఎం. చక్కగా సరిపోతుంది. వలయాల అంచులు విడిగా కావాలంటే 200 దాకా వెళ్లండి. మెరుపుని తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ ఇక్కడ నిజంగా పనికొస్తుంది. తిప్పుతూ చూడండి, ఒక దగ్గర నీటి మీది మెరుపు పోయి కింది రంగు తేలుతుంది. మబ్బు పట్టిన రోజు మాత్రం ఎంత తిప్పినా రంగు సగమే.

చెక్కబాట మీద నడిచేటప్పుడు మరో జాగ్రత్త. బుగ్గలనుంచి, గీజర్లనుంచి ఎగిరే తుంపరలో సిలికా ఉంటుంది. ఎండిపోతే లెన్స్ మీద, కళ్లజోడు మీద తెల్లటి మచ్చలు కట్టి ఇక వదలవు. ముందు ఒక యూవీ ఫిల్టర్ పెట్టి, తుంపర పడగానే తడిగా ఉన్నప్పుడే తుడవండి. బాట దిగడం సంగతి ఆలోచించనే వద్దు. గట్టినేలలా కనిపించే పలచటి పొర కింద మరిగే నీళ్లుంటాయి, అక్కడ మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ప్రశ్న: యోసెమిటీలో ఫిబ్రవరిలో జలపాతం నిప్పులా వెలుగుతుందంటారు. ఏ తేదీల్లో వెళ్తే ఖాయంగా కనిపిస్తుంది?

జవాబు: ఖాయమైన తేదీ లేదు. మూడు విషయాలు ఒకే సాయంత్రం కలిసిరావాలి. అది హార్స్‌టెయిల్ ఫాల్, ఎల్ కాపిటన్ తూర్పు అంచున పడే సన్నటి ధార. ఫిబ్రవరి మధ్యనుంచి ఆఖరువారం దాకా అస్తమించే సూర్యుడి కోణం ఆ ధారకి సరిగ్గా తగులుతుంది. ఇది మొదటిది. రెండోది నీరు. పైన మంచు ఉండాలి, ఆ పగలు అది కరిగేంత వెచ్చగా ఉండాలి. మూడోది పడమటి దిగంతం తేటగా ఉండటం. ఎక్కువసార్లు చెడేది ఇక్కడే: నెత్తిమీద నీలాకాశం ఉన్నా, ఎక్కడో దూరాన పడమట ఒక మబ్బు అడ్డుపడి ఆఖరి పది నిమిషాల్లో వెలుగు ఆరిపోతుంది. సూర్యుడి కోణం అక్టోబరు మూడోవారంలోనూ ఇంచుమించు ఇలాగే ఉంటుంది, అప్పుడు జలపాతంలో నీరుండదు. అందుకే ఒక్క సాయంత్రం నమ్ముకోకుండా వరసగా మూడు సాయంత్రాలు ఉండేలా చూసుకోండి.

ఈ దృశ్యాన్ని 1973లో గేలెన్ రోవెల్ రంగుల్లో తీశాక దీనికి పేరొచ్చింది. గ్లేసియర్ పాయింట్ మీదనుంచి నిప్పులు కిందికి తోసే పాత ఆచారం ఒకటి ఉండేది, దాన్ని పార్క్ సర్వీస్ 1968లో ఆపేసింది. రెంటికీ ఫైర్‌ఫాల్ అనే అంటారు కాబట్టి పాత ఫొటోలు చూసి కలపకండి.

ఎల్ కాపిటన్ పిక్నిక్ ఏరియా దగ్గర నిలబడాలి. యోసెమిటీ ఫాల్స్ దగ్గర కారు పెట్టి ఒకవైపు 2.4 కి.మీ. నడవాలి. కొన్నేళ్లు వారాంతాలకి పార్కు ప్రవేశానికే ముందస్తు రిజర్వేషన్ పెట్టారు, జనవరిలోనే పార్కు సైట్ చూసుకోండి. లెన్స్ 70–200 చాలు. ట్రైపాడ్ మీద ఎఫ్/8 (లెన్స్ రంధ్రం సైజు), ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే తీరు) 100 నుంచి 200. ఎక్స్‌పోజర్ జలపాతానికి కొలిచి, ఒక స్టాప్, అంటే వెలుగు సగానికి, తగ్గించండి. కెమెరాకి వదిలేస్తే చుట్టూ ఉన్న నల్లటి బండని చూసి వెలుగు పెంచేస్తుంది, నారింజ ధార పసుపుపచ్చగా, ఆపైన తెల్లగా కాలిపోతుంది. హిస్టోగ్రామ్‌లో (వెలుగు పంపకాన్ని చూపే గ్రాఫ్) ఎరుపు గీత విడిగా చూడండి, ముందు అంచుని తాకేది అదే. తిరుగు నడకలో మంచు గడ్డకట్టి జారుతుంది, బూట్లకి తగిలించే ముళ్లపట్టీలు, తల దీపం ఉంచుకోండి.

ప్రశ్న: ఆర్చెస్ పార్కులో పాలపుంత ఫొటో తీయాలని ఉంది. తోరణం మీద టార్చి వేస్తూ తీయాలట, ఎంత శక్తిగల టార్చి కావాలి?

జవాబు: టార్చి ఇంట్లోనే ఉంచండి. ఆర్చెస్, కేన్యన్‌లాండ్స్ రెండిట్లోనూ రాళ్ల మీద లైటు వేసి ఫొటో తీయడం నిషేధం. దాని అవసరమూ లేదు.

అమావాస్యకి అటూ ఇటూ నాలుగైదు రోజులు ఎంచుకోండి. పాలపుంత నడిబొడ్డు మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున, జూన్, జూలైలో అర్ధరాత్రి ప్రాంతంలో, సెప్టెంబరులో చీకటి పడగానే నైరుతి వైపు కనిపిస్తుంది. లెన్స్ 14 నుంచి 24 ఎం.ఎం., ఎఫ్/2.8, ఐఎస్ఓ 3200 నుంచి 6400. షట్టర్ ఎంతసేపన్న దానికి 500ని లెన్స్ ఎం.ఎం.తో భాగించమని పాత సూత్రం. ఇప్పటి ఎక్కువ మెగాపిక్సెల్ సెన్సర్ల మీద అది నక్షత్రాలని గీతలుగా సాగదీస్తుంది. 300ని భాగించండి: 20 ఎం.ఎం.కి 15 సెకన్లు. వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ దగ్గర స్థిరపరిచి, రా ఫైల్‌గా (కెమెరా కుదించని అసలు ఫైల్) తీయండి.

అందరి ఫొటోలూ పాడయ్యేది ఫోకస్ దగ్గరే. లెన్స్ మీది అనంతం గుర్తు నమ్మొద్దు. లైవ్ వ్యూలో ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పది రెట్లు పెద్దది చేసి, చుక్క వీలైనంత చిన్నదయ్యే దాకా చేత్తో తిప్పి, అక్కడ టేపు వేసేయండి. రాత్రి చలికి లెన్స్ కుంచించుకుని ఫోకస్ కొంచెం జరుగుతుంది కాబట్టి గంటకోసారి మళ్లీ చూసుకోవాలి.

తోరణం నల్లగా మిగలకుండా ఉండాలంటే రెండు దారులున్నాయి. సూర్యాస్తమయం తరవాత ముప్పై, నలభై నిమిషాలకి ఆకాశం ముదురు నీలంలో ఉండగానే రాయి కోసం ఒక ఫొటో తీసి, ట్రైపాడ్‌ని అంగుళం కూడా కదపకుండా పాలపుంత వచ్చే దాకా ఆగి రెండో ఫొటో తీసి రెంటినీ కలపవచ్చు. లేదా పూర్తి చీకట్లోనే ఐఎస్ఓ 1600 దగ్గర మూడు నాలుగు నిమిషాల ఎక్స్‌పోజర్‌తో నేలని విడిగా తీయవచ్చు. నక్షత్రాల వెలుగు రాతికి చాలినంత ఆకారం ఇస్తుంది. ఏ దారిలో చేసినా రెండు ఎక్స్‌పోజర్లు కలిపానని ఫొటో కింద రాయండి. తల దీపం ఎర్ర లైటు మీదే ఉంచండి, పక్కవాళ్ల ఫ్రేమ్‌లో మీరు పడకుండా.

ప్రశ్న: మెయిన్ రాష్ట్రంలోని అకేడియా పార్కులో కాడిలాక్ మౌంటెన్ మీద దేశంలోకెల్లా మొదటి సూర్యోదయం చూడొచ్చట. జూలైలో వెళ్తున్నాం, టికెట్ ఎలా?

జవాబు: జూలైలో అక్కడ కనిపించేది అందమైన సూర్యోదయమే, దేశంలో మొదటిది మాత్రం కాదు. 466 మీటర్ల ఆ శిఖరానికి పొద్దు ముందుగా అందేది అక్టోబరు 7 నుంచి మార్చి 6 దాకా. కారులో పైకి వెళ్లడానికి మే ఆఖరునుంచి అక్టోబరు ఆఖరు దాకా వాహన రిజర్వేషన్ ఉండాలి, ఇది పార్కు ప్రవేశ రుసుముకి అదనం. 30 శాతం 90 రోజుల ముందు, మిగతా 70 శాతం సరిగ్గా రెండు రోజుల ముందు తూర్పు అమెరికా సమయం పొద్దున పదింటికి రిక్రియేషన్.గవ్ సైట్‌లో వదులుతారు. ఆ రెండో విడతకి పది కొట్టకముందే లాగిన్ అయి ఉండండి. డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 14 దాకా రోడ్డు మూసేస్తారు. కాబట్టి తేదీ మార్చుకోగలిగితే నవంబరు చూడండి: రిజర్వేషన్ గొడవ ఉండదు, మొదటి సూర్యోదయమూ దక్కుతుంది. గాలి విపరీతంగా ఉంటుంది. ట్రైపాడ్ మధ్య కమ్మీ పైకి లేపకుండా, దాని కొక్కేనికి సంచి వేలాడదీయండి, సంచి అడుగు నేలని తాకుతూ ఉండాలి. గాల్లో వేలాడితే అదే ఊగి ట్రైపాడ్‌ని ఊపుతుంది.

ప్రశ్న: పార్కులో కుటుంబ ఫొటోలు తీయడానికి డబ్బు తీసుకునే ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకుంటే పర్మిట్ కావాలా? డ్రోన్ సంగతేమిటి?

జవాబు: 2025 జనవరిలో వచ్చిన చట్టం ప్రకారం ఆరుగురికన్నా తక్కువమంది, చేత్తో మోసుకెళ్లే సామానుతో, జనానికి తెరిచి ఉన్న చోట, ఇతరులకి అడ్డం రాకుండా, దేనికీ హాని చేయకుండా తీసుకుంటే పర్మిట్ అక్కర్లేదు, డబ్బు తీసుకున్నా సరే. ఆరుగురు, అంతకు మించితే ముందుగా ఆ పార్కు ఆఫీసుని అడగాలి. పెళ్లి తంతు జరపాలంటే దానికి వేరే పర్మిట్ ఉంది.

డ్రోన్ 2014 నుంచి నేషనల్ పార్కులన్నిటా నిషేధం: ఎగరేయడం, దింపడం, నడపడం ఏదీ కుదరదు. శిక్ష ఆరు నెలల జైలు, 5,000 డాలర్ల జరిమానా దాకా వెళ్తుంది.

ప్రశ్న: పార్కుల్లో తీసిన ఫొటోలు నలుగురితో పంచుకుంటుంటాను. ఎక్కడ తీశానో చెప్పకపోతే స్వార్థమంటున్నారు, చెప్తే అక్కడికి జనం పోటెత్తి పాడు చేస్తారంటున్నారు. ఏం చేయమంటారు? పైగా కంప్యూటర్‌లో బాగున్న రంగులు ఫోన్‌లో పాలిపోతున్నాయి.

జవాబు: ఫొటోలు పంచుకోవడం వల్లే ఈ పార్కులు మిగిలాయన్నది మొదట గుర్తుపెట్టుకోండి. కార్ల్‌టన్ వాట్కిన్స్ 1861లో పెద్ద పెద్ద గాజు పలకల మీద తీసిన యోసెమిటీ చిత్రాలు తూర్పు తీరంలో జనం చూశారు. 1864లో ఆ లోయని కాపాడే చట్టం మీద లింకన్ సంతకం చేశాడు. విలియం హెన్రీ జాక్సన్ 1871లో తీసిన ఎల్లోస్టోన్ చిత్రాలు కాంగ్రెస్ సభ్యులు చూశారు, 1872లో అది మొదటి నేషనల్ పార్కు అయింది. దాచుకున్న ఫొటో ఏ అడవినీ కాపాడలేదు.

అయితే చోటుని బట్టి చెప్పాలి. టనెల్ వ్యూ, ఆక్స్‌బో బెండ్ లాంటివాటికి పార్కింగ్, గట్టు, దారి అన్నీ ఉన్నాయి, నిస్సంకోచంగా పేరు రాయండి. దారి లేని పూలమైదానం, పాత రాతిచిత్రాలు, గుడ్లగూబ గూడు, తోడేళ్ల గుహ, వీటికి పార్కు పేరుతో ఆపేయండి. దారి లేని చోట మ్యాప్ గుర్తు పెడితే కొన్ని వారాల్లో అక్కడ కొత్త కాలిబాట పడుతుంది, కింద నలిగిన మొక్క తిరిగి లేవడానికి ఏళ్లు పడుతుంది. గూడు దగ్గర జనం గుమికూడితే తల్లి గుడ్లు వదిలి ఎగిరిపోతుంది. మీరు పేరు రాయకపోయినా ఫోన్ ఫొటోలో అక్షాంశ రేఖాంశాలు దాగి ఉంటాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అవి పోతాయి, డాక్యుమెంటుగా పంపితే అలాగే వెళ్తాయి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడే ఆ సమాచారం తీసేసే గుర్తు పెట్టుకోండి.

చూసేవాళ్లకి నిజంగా పనికొచ్చే వివరం మ్యాప్ గుర్తు కన్నా వేరే ఉంది: ఏ నెల, ఏ వేళ, ఎండ ఎటునుంచి, ఎంత నడక, ఏ లెన్స్, ఏం ఇబ్బంది వచ్చింది. జంతువు ఫొటో అయితే ఎంత దూరంనుంచి, ఎంత క్రాప్ చేశారో రాయండి. 600తో తీసిన ఎలుగు ముఖం చూసి, అంత దగ్గరికి వెళ్లవచ్చు కాబోలనుకుని ఫోన్ పట్టుకుని నడిచేవాళ్లుంటారు. ఆ ఒక్క వాక్యం వాళ్లని ఆపుతుంది. ఆకాశం మార్చినా, జంతువుని వేరే ఫొటోనుంచి తెచ్చినా చెప్పితీరాలి. ఇందులో మాకు మరో అభిప్రాయం లేదు. ఒక యాత్రకి ఎనభై ఫొటోలు కాకుండా పది పెట్టండి. ఒకే దృశ్యానికి రెండు ఉంటే ఒకటి తీసేయండి.

రంగుల సంగతి సులువు. ఫైల్ అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో ఎక్స్‌పోర్ట్ అవుతున్నట్టుంది. చాలా యాప్‌లు దాన్ని సరిగ్గా చదవక రంగుని చప్పగా చూపిస్తాయి. తెరలన్నీ మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి. పొడుగు వైపు 2048 పిక్సెల్స్, జేపెగ్ నాణ్యత 80, చిన్నది చేశాక తెరకి తగ్గ షార్పెనింగ్ కొద్దిగా. ఇన్‌స్టాగ్రామ్‌కి నిలువు ఫొటో 1080 బై 1350గా మీరే కత్తిరించి ఇస్తే అది తనకి తోచినట్టు కుదించదు. అచ్చుకైతే అసలు ఫైలే వాడండి: 24 మెగాపిక్సెల్ ఫొటో అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 బై 13 అంగుళాల దాకా సాగుతుంది.

ప్రశ్న: జనవరిలో ఎల్లోస్టోన్ వెళ్తున్నాం. మామూలు కారులో ఎక్కడిదాకా పోవచ్చు? ఫోన్‌తోనే తోడేళ్ల ఫొటో సాధ్యమా?

జవాబు: చలికాలంలో మామూలు కార్లకి తెరిచి ఉండేది గార్డినర్ నుంచి కుక్ సిటీ దాకా ఉన్న ఉత్తరపు రోడ్డు ఒక్కటే. అదృష్టవశాత్తూ తోడేళ్లు బాగా కనిపించే లామార్ లోయ దాని మీదే ఉంది. తెల్లవారేసరికి అక్కడ ఉండాలి. తోడేలు కిలోమీటరు దూరంలో ఉంటే ఫోన్‌కి నల్లటి చుక్కగా కూడా పడదు. స్పాటింగ్ స్కోప్ (దూరంగా ఉన్న జంతువులని చూసే చిన్న దూరదర్శిని) అద్దెకి తీసుకుని, ఫోన్‌ని దాని కంటిగాజుకి బిగించే అడాప్టర్ కొనండి. చేత్తో పట్టుకుంటే ఫ్రేమ్ నిలవదు. స్కోప్‌ని తక్కువ జూమ్‌లో ఉంచి, ఫోన్‌లో రెండు రెట్లు పెంచితే చుట్టూ నల్లటి వలయం పోతుంది. వీడియో తీసి అందులోంచి మంచి ఫ్రేమ్ ఏరుకోవడం ఫొటోలు నొక్కడం కన్నా ఫలిస్తుంది.

మంచుని కెమెరా బూడిదరంగుగా చూపిస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపులు పెంచండి. బ్యాటరీలు చలికి త్వరగా పడిపోతాయి, రెండు విడివి లోపలి జేబులో ఒంటికి తగిలేలా ఉంచుకుని మార్చుకుంటూ వాడండి. పడిపోయిందనుకున్నది వెచ్చబడ్డాక మళ్లీ కొంత పనిచేస్తుంది. గదిలోకి వచ్చేముందు బయటే కెమెరాని జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి తీసి మూసేయండి. లోపలికి వచ్చాక గంట, రెండు గంటల దాకా తెరవొద్దు, తేమ సంచి మీద కడుతుంది, లెన్స్ మీద కట్టదు. ఆ రాత్రి ఫొటోలు చూసుకోవాలంటే కార్డు బయటే తీసి జేబులో వేసుకోండి.